పోపు దినుసులను దగ్గరగా ఫోటో తీయడానికి ఏ పరికరం ఎవరికి తగినది

నల్ల ఆవగింజ అడ్డంగా సుమారు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. మెంతిగింజ నాలుగైదు, జీలకర్ర ఐదారు, గసగసాలైతే ఒక్క మిల్లీమీటరే. వాటి పక్కనే ఏడెనిమిది సెంటీమీటర్ల ఎండుమిరపకాయ ఉంటుంది. ఇవన్నీ ఒకే పోపుల పెట్టెలో ఇమిడిపోతాయి కనుక ఒకే పరికరంతో అన్నింటినీ దగ్గరగా తీయవచ్చునని అనుకోవడం సహజమే. కెమెరాకు మాత్రం మిరపకాయను తీయడం ఒక పని, గసగసాలను తీయడం పూర్తిగా మరొక పని. అందువల్ల ఏ లెన్స్ మంచిదని అడిగేవారిని నేను ముందుగా ఏ దినుసు తీయదలచుకున్నారో, ఒక్క గింజను తీస్తారో గుప్పెడు పోసి తీస్తారో అడుగుతాను. ఆ జవాబును బట్టి కొనవలసిన సామాను మారిపోతుంది. చాలామంది విషయంలో అసలేమీ కొననక్కరలేదని కూడా తేలుతుంది.

డబ్బు పెట్టే ముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. పిల్లల స్కూలు స్కేలును బల్ల మీద పడుకోబెట్టి, మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఫోనునో కెమెరానో ఫోకస్ అందినంత దగ్గరకు తీసుకువెళ్ళి, ఫోటోలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎన్ని మిల్లీమీటర్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో సెన్సర్ (చిత్రాన్ని పట్టే పలక) వెడల్పు 36 మి.మీ., మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే, సెన్సర్ చిన్నదైన ఏపీఎస్‌-సీ కెమెరాలో సుమారు 23 మి.మీ. సెన్సర్ వెడల్పు ఎంతో స్కేలు కూడా అంతే కనిపిస్తే దానిని ఒకటికి ఒకటి నిష్పత్తి అంటారు. దానికి రెట్టింపు పొడవు కనిపిస్తే సగం నిష్పత్తి, నాలుగు రెట్లు కనిపిస్తే పావు నిష్పత్తి.

ఈ లెక్క తెలిసిన తరువాత చాలా భ్రమలు తొలగిపోతాయి. దగ్గరగా తీయడానికే చేసిన మాక్రో లెన్స్ కొంటే ఆవగింజ ఫ్రేము నిండా కనిపిస్తుందని అనుకునేవారు ఉన్నారు. ఏపీఎస్‌-సీ కెమెరాలో ఒకటికి ఒకటి నిష్పత్తిలో తీసినా రెండు మిల్లీమీటర్ల ఆవగింజ ఫ్రేము వెడల్పులో పదో వంతుకు కాస్త తక్కువే ఆక్రమిస్తుంది. 24 మెగాపిక్సెళ్ళ ఫోటోలో అది అయిదు వందల పిక్సెళ్ళ గుండ్రటి చుక్క. మరోవైపు, గరిటెడు ఆవాలో కంచెడు కందిపప్పో తీయాలంటే పావు నుంచి సగం నిష్పత్తి సరిపోతుంది. వంటల పుస్తకాలలోనూ వెబ్‌సైట్లలోనూ మనం మెచ్చుకునే దినుసుల చిత్రాలు చాలావరకు ఈ కొలతలోనే ఉంటాయి.

ఇంకొక పొరపాటును కూడా ఇక్కడే చెప్పాలి. దగ్గరగా తీయడానికి కిట్ లెన్స్ పనికిరాదని దానిని మూలన పెట్టి, 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ కొనేవారు ఎక్కువ (ఎఫ్ అంకె లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). కెనాన్ 50 మి.మీ. ఎఫ్ 1.8 ఎస్‌టీఎం లెన్స్ 35 సెంటీమీటర్ల కంటే దగ్గరకు రాదు, అది ఇచ్చే గరిష్ఠ నిష్పత్తి 0.21. అదే కంపెనీ 18–55 ఎస్‌టీఎం కిట్ లెన్స్ 25 సెంటీమీటర్ల దాకా వచ్చి 0.36 ఇస్తుంది. అంటే కెమెరాతో పాటు ఊరికే వచ్చిన లెన్సే, విడిగా కొన్నదానికంటే దగ్గరగా తీస్తుంది. వెనుక భాగం మసకబారి కనిపించాలంటే 50 మి.మీ. లెన్స్ మంచిదే, జీలకర్ర మీది చారలు కనిపించాలంటే ముందుగా కిట్ లెన్సును 55 దగ్గర పెట్టి చూడండి.

ఎంత పెద్దదిగా కనిపిస్తుంది అన్నదానితో సమానంగా, నా అభిప్రాయంలో అంతకంటే ఎక్కువగా, చూడవలసింది లెన్స్ ముందు అంచుకూ దినుసుకూ మధ్య ఎంత ఎడం మిగులుతుంది అన్నది. అమ్మకపు వివరాలలో రాసే కనిష్ఠ ఫోకస్ దూరాన్ని సెన్సర్ నుంచి కొలుస్తారు, కాబట్టి అందులో లెన్స్ పొడవు కూడా కలిసి ఉంటుంది. నికాన్ 40 మి.మీ. డీఎక్స్ మైక్రో లెన్సుకు ఆ దూరం 16.3 సెం.మీ. అని ఉంటుంది గాని, ఒకటికి ఒకటి నిష్పత్తి దగ్గర లెన్స్ ముందు నిజంగా మిగిలే ఖాళీ నాలుగు సెంటీమీటర్ల లోపే. అంత దగ్గరగా వెళితే కిటికీ వెలుతురుకు లెన్సే అడ్డం పడి, గింజల మీద కెమెరా నీడ పడుతుంది. పసుపు కుప్పను తీస్తూ ఫోకస్ వలయం తిప్పడంలో మునిగిపోయిన నేను, లెన్స్ అంచు కుప్పలో దిగబడే దాకా గమనించని సందర్భం ఒకటి ఉంది. పొడి పసుపును గుడ్డతో తుడిస్తే ఇంకా పాకుతుంది, నోటితో ఊదితే తడి తగిలి అంటుకుంటుంది. రబ్బరు బుడ్డి ఉన్న బ్లోయరుతో ఊది, మెత్తటి కుంచెతో దులపడం తప్ప వేరే దారి లేదు. లెన్స్ కొనేటప్పుడు ఎడం గురించి అడగడం నేను ఆ రోజు నుంచే నేర్చుకున్నాను.

ఫోను చాలినవారు ఎవరు

ఫోన్లలో మాక్రో అనే మాట మూడు వేరువేరు ఏర్పాట్లకు వాడుతున్నారు. చవక ఫోన్లలో రెండు మెగాపిక్సెళ్ళ ప్రత్యేక మాక్రో కెమెరా ఉంటుంది. దాని ఫోకస్ సుమారు నాలుగు సెంటీమీటర్ల వద్ద స్థిరంగా ఉండిపోతుంది. రంగులు పేలవంగా, వివరాలు మైనం పూసినట్లుగా వస్తాయి. అది ఉందని ఫోను కొనవద్దు, ఉన్నా వాడవద్దు. ఆ ఫోనులోని ప్రధాన కెమెరాతోనే కాస్త దూరం నుంచి రెండు రెట్లు జూమ్ పెట్టి తీస్తే మిరపకాయ ముడతలు దానికంటే నికరంగా వస్తాయి.

రెండో రకంలో విశాలమైన దృశ్యాన్ని పట్టే అల్ట్రావైడ్ కెమెరాకు ఆటోఫోకస్ అమర్చి దగ్గరగా తీయిస్తారు. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో ఈ పద్ధతిలోనే రెండు సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది. వివరాలు ఆశ్చర్యపోయేంత బాగా వస్తాయి గాని, ఎడం రెండు సెంటీమీటర్లే కనుక ఫోను నీడ తప్పదు. పైగా వెడల్పు లెన్స్ కావడం వల్ల ముందున్న వెల్లుల్లి రెబ్బ పెద్దదిగా, వెనుక రెబ్బలు దూరంగా జరిగినట్లు చిన్నవిగా కనిపిస్తాయి. నిటారుగా పై నుంచి తీసే చిత్రాలకు ఈ వంకర అంతగా బాధించదు, పక్క నుంచి తీస్తే బాధిస్తుంది. మూడో రకం, దూరపు వస్తువులను పెద్దవిగా చూపే టెలిఫోటో కెమెరాతో దగ్గరగా తీయడం. 2023లో అంతర్జాతీయంగా విడుదలైన షావోమీ 13 ప్రోలో 75 మి.మీ.తో సమానమైన కెమెరా పది సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. దినుసుల ఫోటోగ్రఫీకి ఈ మూడింటిలో మేలైనది ఇదే, ఎందుకంటే పది సెంటీమీటర్ల ఎడంలో వెలుతురు దూరడానికి చోటుంటుంది, ఆకారాలు సాగవు.

ఫోనుకు ఒక సహజమైన లాభం ఉంది, కెమెరా యజమానులు దానిని ఒప్పుకోరు. సెన్సర్ చిన్నది కావడం వల్ల ఒకే చిత్రంలో ఎక్కువ మందం మేర స్పష్టంగా పడుతుంది. గిన్నెలో పోసిన పెసలను పక్కవాటుగా తీసినప్పుడు పెద్ద కెమెరాలో ఒక వరుస మాత్రమే స్పష్టంగా వస్తే, ఫోనులో నాలుగైదు వరుసలు వస్తాయి. వంటల చానెల్ కోసమో, వాట్సాప్‌లో పచ్చళ్ళ అమ్మకం కోసమో తీసేవారు ఫోను దగ్గరే ఆగిపోవచ్చునని నేను నిస్సందేహంగా చెబుతాను. వారు ఖర్చు పెట్టవలసింది ఫోను పట్టే స్టాండుకు మాత్రమే.

వెలుతురు: కిటికీయా, ఎల్‌ఈడీ దీపమా

1930లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ ఒక క్యాప్సికంను రేకు గరాటు మూతిలో పెట్టి తీసిన చిత్రం ప్రసిద్ధమైనది. గరాటు లోపలి వంపులు వెలుతురును నాలుగు వైపుల నుంచీ కాయ మీదకు తిప్పి, దాని వంపులన్నింటినీ చీకటి నేపథ్యం మీద నిలబెట్టాయి. కిరసనాయిలు పోసుకున్న పాత గరాటు మన ఇళ్ళలో ఇంకా దొరుకుతుంది; లెన్స్ కొనే ముందు ఒక్కసారి దానిలో బెంగుళూరు మిర్చి పెట్టి చూడండి, మార్పు ఏ భాగం నుంచి వస్తున్నదో తెలుస్తుంది.

కిటికీ, దీపాల మధ్య ఎంపిక దినుసును బట్టి మారుతుంది. ఆవాలు నున్నని గోళాలు కాబట్టి ప్రతి గింజా తన ముందున్న వెలుతురును అద్దంలా చూపిస్తుంది. చిన్న దీపం పెడితే ప్రతి గింజ మీదా తెల్లటి సూదిపోటు కనిపిస్తుంది, పెద్ద కిటికీకి బటర్ పేపర్ అంటిస్తే అదే చోట మెత్తని వెన్నెల లాంటి మెరుపు వస్తుంది. రాళ్ళ ఉప్పుకు ఇది తారుమారు. నౌపడ, చినగంజాం వంటి చోట్ల మడులలో ఎండిన ఉప్పు గళ్ళను దగ్గరగా చూస్తే ఘనాకారపు అంచులు, కొన్నింటి మీద మెట్లు మెట్లుగా లోపలికి దిగిన గుంటలు కనిపిస్తాయి. ముందు నుంచి మెత్తని వెలుతురు వేస్తే అవన్నీ కలిసిపోయి తెల్లటి ముద్దగా మిగులుతాయి. వెనుక నుంచి చిన్న ఎల్‌ఈడీ దీపాన్ని ఏటవాలుగా పెడితే ప్రతి మెట్టూ విడివిడిగా తేలుతుంది. కరివేపాకుకు కూడా వెనుక వెలుతురే తగినది. ఆకును కిటికీకి అడ్డంగా నిలబెట్టి సగం నిష్పత్తిలో తీస్తే ఆకు నిండా సూదితో పొడిచినట్లు కాంతి బిందువులు కనిపిస్తాయి, అవి ఆకు నలిపినప్పుడు వాసననిచ్చే తైలగ్రంథులు. ముందు నుంచి తీసిన ఏ చిత్రంలోనూ అవి కనిపించవు.

ఎరుపు, పసుపు రంగుల విషయంలో దీపాన్ని ఎంచేటప్పుడు జాగ్రత్త అవసరం. ఎల్‌ఈడీ దీపాల మీద రాసే సీఆర్‌ఐ అనే, రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపును కొలిచే ఆర్‌9 అందులో చేరదు. అందువల్ల ఎనభై పైన సీఆర్‌ఐ ఉన్న మామూలు బల్బు కింద గుంటూరు సన్నం మిరపకాయ ఇటుక రంగులో కనిపించడం వింతేమీ కాదు. సీఆర్‌ఐ 95 దాటి, ఆర్‌9 అంకె కూడా విడిగా రాసి ఉన్న దీపమే కొనండి. అది దొరకనప్పుడు, ఎండ నేరుగా పడని కిటికీ ఏ దీపానికైనా పై మాటే. కిటికీ దగ్గర తీసేటప్పుడు గదిలోని ట్యూబ్‌లైటు ఆర్పివేయాలి, లేకపోతే మిరపకాయకు ఒక వైపు ఒక రంగు, ఇంకో వైపు ఇంకో రంగు వచ్చి తరువాత ఎంత సరిదిద్దినా కుదరదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక దీపాలు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. వాటి కింద షట్టరును సెకనులో యాభయ్యో వంతు దగ్గర గాని, వందో వంతు దగ్గర గాని ఉంచితే చారలు పడవు. కారం కుప్పను తీసినప్పుడు మొత్తం హిస్టోగ్రామ్ (చిత్రంలో వెలుతురు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) చూసి మోసపోకండి. ఎరుపు చానెల్ ఒక్కటే అంచు దాటిపోయి, కారంలోని రేణువులన్నీ ఒకే ఎర్రని మచ్చగా అతుక్కుపోతాయి. అప్పుడు ఎక్స్‌పోజరును ఒక స్టాప్, అంటే వెలుతురు సగమయ్యేలా, తగ్గిస్తే రేణువులు మళ్ళీ విడివడతాయి.

కెమెరా ఉన్నవారికి: ముందు బిగించేదా, వెనుక బిగించేదా

ఇక కెమెరా ఉండి, సగం నిష్పత్తికి మించి వెళ్ళదలచినవారి ముందు రెండు చవక దారులు ఉన్నాయి. లెన్స్ ముందు బిగించే క్లోజప్ గాజు ఒకటి, లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబు మరొకటి. ఈ రెండింటిలో ఏది మంచిదన్న వాదన చాలాకాలంగా నడుస్తోంది గాని, ఆ ప్రశ్నే సరిగా లేదు. మీ దగ్గర ఏ లెన్స్ ఉందన్నది జవాబును నిర్ణయిస్తుంది.

క్లోజప్ గాజులను డయాప్టర్లలో, అంటే కళ్ళద్దాల పవరును కొలిచే ప్రమాణంలోనే, కొలుస్తారు. నాలుగు డయాప్టర్ల గాజు బిగించి, లెన్సును అనంతం (అన్నింటికంటే ఎక్కువ దూరం) దగ్గర ఫోకస్ చేస్తే వస్తువు 25 సెం.మీ. దూరంలో స్పష్టంగా పడుతుంది. వెనుక ఏ లెన్స్ ఉన్నా ఆ దూరం మారదు, నిష్పత్తి మాత్రం మారుతుంది. 50 మి.మీ. లెన్స్ మీద అది 0.2 మాత్రమే, అదే 200 మి.మీ. దగ్గర పెట్టిన జూమ్ మీద 0.8. ట్యూబుల సంగతి దీనికి సరిగ్గా ఎదురు. ట్యూబు పొడవును లెన్స్ మిల్లీమీటర్లతో భాగిస్తే అదనంగా వచ్చే నిష్పత్తి తెలుస్తుంది కాబట్టి, 36 మి.మీ. ట్యూబు 50 మి.మీ. లెన్సుకు 0.72 కలుపుతుంది, 200 మి.మీ. లెన్సుకు 0.18 మాత్రమే. కనుక పొట్టి లెన్స్ ఉన్నవారికి ట్యూబులు, పొడుగు జూమ్ ఉన్నవారికి క్లోజప్ గాజు.

మన దగ్గర, లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నవారిలో చాలామంది రెండు లెన్సుల కిట్ తీసుకున్నారు. అందులో 55–250 గాని, 70–300 గాని అల్మారాలో దుమ్ము పట్టి ఉంటుంది. వారికి నా సలహా సూటిగా ఉంటుంది: ట్యూబులు, మాక్రో లెన్సు గురించి ఆలోచించకుండా మంచి క్లోజప్ గాజు ఒకటి కొనండి. రేనాక్స్ డీసీఆర్‌-150 అనేది 4.8 డయాప్టర్లది, 52 నుంచి 67 మి.మీ. మధ్య ఏ ఫిల్టరు వ్యాసానికైనా క్లిప్పులా పట్టుకుంటుంది. జూమును 200 దగ్గర పెడితే దాదాపు ఒకటికి ఒకటి నిష్పత్తి వస్తుంది, ఎడం ఇరవై సెంటీమీటర్లు మిగులుతుంది. ఆ ఎడం వంద మిల్లీమీటర్ల మాక్రో లెన్సులకు కూడా లేదు. ఆటోఫోకస్, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం), స్థిరీకరణ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) అన్నీ యథావిధిగా పనిచేస్తాయి. జూమును వెడల్పు వైపు తిప్పితే మూలలు నల్లబడతాయి గాని, దగ్గరగా తీసే పనిలో అటు వెళ్ళే అవసరమే రాదు. ఒకటి, రెండు, నాలుగు, పది డయాప్టర్లంటూ కొన్ని వందల రూపాయలకు కట్టగా అమ్మే ఒంటి గాజుల జోలికి మాత్రం పోవద్దు. తెల్ల ఉల్లిపాయ అంచున అవి వేసే ఊదా, ఆకుపచ్చ గీతలను ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తుడవలేదు.

50 మి.మీ. లెన్స్ ఒక్కటే ఉన్నవారికి ట్యూబులే తగినవి. వాటిలో గాజు ఉండదు, ఖాళీ గొట్టాలు, కాబట్టి వాటివల్ల కొత్తగా చెడిపోయేది ఏమీ ఉండదు. అయితే విద్యుత్ స్పర్శలు ఉన్నవే కొనాలి. అవి లేని చవక గొట్టం పెడితే కెమెరా నుంచి ఎపర్చర్ మార్చడం కుదరదు, అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల లెన్సులలో చాలావాటికి చేతితో ఫోకస్ చేయడం కూడా సాధ్యం కాదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లకు 12, 20, 36 మి.మీ. గొట్టాలు కలిసి వస్తాయి. 20 మి.మీ. గొట్టంతో మెంతిగింజలు, 36 మి.మీ. గొట్టంతో ఆవాలు హాయిగా తీయవచ్చు. నిష్పత్తి పెరిగేకొద్దీ సెన్సరుకు చేరే వెలుతురు తగ్గి, ఒకటికి ఒకటి దగ్గర రెండు స్టాపుల నష్టం ఉంటుంది, అది మాక్రో లెన్సుకూ తప్పదు. కిట్ లెన్సును 18 దగ్గర ఉంచి పొడుగు గొట్టం బిగిస్తే ఫోకస్ పడే చోటు లెన్స్ గాజు లోపలికే వెళ్ళిపోతుంది. అప్పుడు ఏమీ కనిపించక గొట్టం పాడైందని తిరిగి పంపినవారిని నేను చూశాను.

లెన్సును తిరగేసి బిగించే రింగు అన్నింటికంటే చవక. 50 మి.మీ. లెన్సును తిరగేస్తే ఒకటికి ఒకటి చుట్టుపక్కల, 28 మి.మీ. లెన్సును తిరగేస్తే రెండు రెట్లకు పైన వస్తుంది. ఎపర్చర్ వలయం ఉన్న పాత లెన్స్ అయితేనే సుఖం. వంటింటి పనికి దీనితో ఒక చిక్కుంది. లెన్స్ వెనుక గాజు దినుసు వైపు తిరిగి, దానికి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, కారం గాని, శనగపిండి గాని ఎగిరితే నేరుగా దాని మీదే వాలుతుంది. గసగసాలు తీయదలచినవారు తప్ప మిగిలినవారు దీనిని వదిలివేయవచ్చు. గసగసాలకు మాత్రం ఇది వెల కట్టలేనిది. మూత్రపిండం ఆకారంలో ఉండే ఆ గింజ మీద తేనెపట్టు లాంటి గళ్ళు అల్లుకుని ఉంటాయి, వాటిని చూపడానికి ఒకటికి ఒకటి చాలదు.

మందం సమస్య

దగ్గరకు వెళ్ళేకొద్దీ స్పష్టంగా పడే మందం తగ్గిపోతుంది. ఏపీఎస్‌-సీ కెమెరాలో ఎఫ్ 8 దగ్గర పావు నిష్పత్తిలో అది సుమారు ఆరు మిల్లీమీటర్లు, సగం నిష్పత్తిలో రెండు, ఒకటికి ఒకటిలో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అంటే ఒక ఆవగింజలో మూడో వంతు. ఎఫ్ 22 దాకా మూస్తే సరిపోతుందనిపిస్తుంది గాని, ఒకటికి ఒకటి దగ్గర ఎఫ్ 22 నిజానికి ఎఫ్ 44తో సమానమై, కాంతి వివర్తనం (చిన్న రంధ్రం గుండా వెళ్ళే కాంతి చెదరడం) వల్ల చిత్రమంతా మెత్తబడుతుంది. ఎఫ్ 8, ఎఫ్ 11 మధ్య ఉండి, ఫోకసును కొంచెం కొంచెంగా జరుపుతూ అనేక చిత్రాలు తీసి కలపడం ఒక దారి. సెంటీమీటరు ఎత్తున్న ఆవాల కుప్పకు ఇరవై నుంచి ఇరవై అయిదు చిత్రాలు పడతాయి. 2017 నాటి నికాన్ డీ850, 2019 నాటి కెనాన్ ఆర్‌పీ వంటి కెమెరాలు ఫోకసును వాటంతటవే జరిపి ఇస్తాయి. అది లేనివారు వలయాన్ని చేతితో తిప్పి, కంప్యూటరులో హెలికాన్ ఫోకస్‌తో గాని, జెరీన్ స్టాకర్‌తో గాని కలుపుకోవచ్చు.

ఈ పద్ధతి ఎండు దినుసులకే. కొత్తిమీర, కరివేపాకు దీపం కింద నిమిషాలలో వాడి, పదో చిత్రానికల్లా ఆకు అంచు వంగిపోయి ఉంటుంది. కలిపిన చిత్రంలో ఆ అంచు రెండుగా కనిపిస్తుంది. పచ్చి ఆకులను బల్ల మీద చదునుగా పరిచి, కెమెరాను సరిగ్గా పైన సమాంతరంగా బిగించి ఒకే చిత్రంతో ముగించడం ఉత్తమం. సీలింగ్ ఫ్యాను ఆపకుండా ఉల్లిపొట్టును తీయబూనడం వృథా శ్రమ. చెక్క బల్ల కంటే వంటింటి గ్రానైటు గట్టు నికరమైనదే, అయితే అదే గట్టు మీద మిక్సీ తిరుగుతుండగా కాదు.

ఇంకొక మాట, పరికరంతో సంబంధం లేనిది. సగం నిష్పత్తి దాటిన తరువాత కెమెరా మన శుభ్రతను పరీక్షిస్తుంది. ప్యాకెట్టులో నుంచి నేరుగా ఒంపిన మినుములను తీస్తే పొట్టు ముక్కలు, మట్టి, పురుగు తొలిచిన గింజ అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. జల్లించి, చేటలో చెరిగి, పలుచని గుడ్డలో వేసి మెల్లగా రుద్దిన తరువాతే బల్ల మీద పోయాలి. కాకినాడ, విశాఖ వంటి తీరప్రాంతాలవారు రాళ్ళ ఉప్పును సీసాలో నుంచి చివరి నిమిషంలో తీయడం మంచిది, గాలిలో తేమ తగిలి గళ్ళ అంచులు చూస్తుండగానే కరుగుతాయి.

అసలైన మాక్రో లెన్స్ ఎప్పుడు

పైవన్నీ చెప్పిన తరువాత కూడా మాక్రో లెన్సుకు చోటుంది. అయిదు మిల్లీమీటర్ల లోపు దినుసులను వారానికి రెండు మూడు రోజులు తీసేవారు, మసాలాల ప్యాకెట్ల మీద వేయడానికి చిత్రాలు అమ్మేవారు, ప్రతిసారీ గొట్టాలు విప్పి బిగించే ఓపిక లేనివారు కొనవచ్చు. అప్పుడు 35, 40 మి.మీ.లవి వద్దు. 2017లో వచ్చిన కెనాన్ 35 మి.మీ. ఈఎఫ్‌-ఎస్ మాక్రోకు ముందు అంచునే చిన్న దీపాలు అమర్చారంటే, ఆ ఎడంలో బయటి వెలుతురు చొరదని తయారీదారే ఒప్పుకున్నట్లు. 60 మి.మీ.ది రాజీ బేరం. 90 నుంచి 105 మి.మీ. మధ్యవే దినుసులకు తగినవి. కెనాన్ 100 మి.మీ. ఎల్ మాక్రో ఒకటికి ఒకటి దగ్గర కూడా దాదాపు 13 సెం.మీ. ఎడం ఇస్తుంది. నికాన్ కంపెనీ ఇదే రకం లెన్సులను మైక్రో అని పిలుస్తుంది, పేరు చూసి కంగారుపడనక్కరలేదు. బల్ల మీద ట్రైపాడ్‌తో చేసే పనికి స్థిరీకరణ అవసరం లేదు కనుక, అది లేని పాత టామ్రాన్ 90 మి.మీ. వంటిది సెకండ్ హ్యాండులో దొరికితే సగానికి సగం ఆదా అవుతుంది. కొనే ముందు టార్చిలైటును లెన్స్ వెనుక నుంచి ఏటవాలుగా వేసి చూడండి, తీరం ఊళ్ళలో వాడిన లెన్సులలో సాలెగూడు లాంటి బూజు తరచుగా కనిపిస్తుంది.

కొనాలా వద్దా అని తేల్చుకోలేకపోతే మరొక మార్గం ఉంది. ఉంగరాలు, మంగళసూత్రాలు దగ్గరగా తీయడానికి పెళ్ళి ఫోటోగ్రాఫర్లలో చాలామంది 100 మి.మీ. మాక్రో లెన్స్ ఉంచుకుంటారు. ఆషాఢంలోనూ పుష్యంలోనూ ముహూర్తాలు ఉండవు కనుక అది వారి సంచిలోనే పడి ఉంటుంది, తెలిసినవారైతే వారం రోజులకు నామమాత్రపు అద్దెకు ఇస్తారు. ఆ వారంలో మీ పోపుల పెట్టెలోని గిన్నెలన్నింటినీ వరుసగా తీయండి. వాటిలో ఎన్ని చిత్రాలకు నిజంగా సగం నిష్పత్తి దాటవలసి వచ్చిందో లెక్కపెట్టి, ఏడు గిన్నెలకు ఒకటి రెండే వస్తే లెన్సును తిరిగి ఇచ్చేసి, రేనాక్స్ గాజుకో గొట్టాలకో ఆర్డరు పెట్టండి.